మచ్చలేని క్లాంపులు

ఎక్స్‌రే ఫిల్ములో మచ్చ కనబడితే నూకరత్నం ఎప్పుడూ కంగారుపడలేదు. ఆమె పనే అది. ఆ సోమవారం మాత్రం మచ్చ కనబడనందుకు కంగారుపడింది.

లైట్‌ బాక్స్ మీద ఫిల్ము పరిచి, భూతద్దంతో అంగుళం అంగుళం వెతికింది. ఉక్కు నీడ లేత బూడిద రంగులో, ఇస్త్రీ చేసిన చీరలా సమంగా పరుచుకుని ఉంది. ఎక్కడా నల్లచుక్క లేదు. దాని కింది ఫిల్మూ అంతే. నిన్నటివీ అంతే. పోయిన వారానివి బీరువాలోంచి తీసి మళ్లీ చూసింది. అవీ అంతే.

పోత పోసిన ఉక్కులో ఎక్కడో ఓ చోట సూదిమొనంత గాలిబుడగైనా చిక్కుకుంటుంది. అది ఎంతుంది, ఎక్కడుంది, దానివల్ల ప్రమాదమా కాదా అని తేల్చడానికే గాజువాక ఆటోనగర్‌లోని మహోదయ క్యాస్టింగ్స్ ఆమెకు జీతమిస్తోంది. ఏళ్ల తరబడి ఫిల్ములు చదివిన కళ్లు అవి. ఇంత శుభ్రమైన ఉక్కుని ఆ కళ్లు నమ్మలేదు.

పైగా అది మామూలు సరుకు కాదు. గువ్వలకొండ మీద కొత్తగా కడుతున్న రోప్‌వేకి క్లాంపులు. క్లాంపు పైకొస దవడలా ఇనుప తాడుని కరిచి పట్టుకుంటుంది. మోచేతిలా వంగిన కిందికొసకి మనుషులు కూర్చునే పెట్టె వేలాడుతుంది. క్లాంపు విరిగితే పెట్టె లోయలో పడుతుంది.

ఆ పెట్టెల్లో ఒకదానికి ఆపరేటరుగా కుదిరినవాడు ఆమె మరిది పైడిరాజు. క్లాంపుల్ని పోసే పద్ధతి కనిపెట్టినవాడు ఆమె మొగుడు త్రినాథ్.

ఆమె అనుమానం మొదట మొగుడి మీదికే పోయింది.

ఫిల్ములు బీరువాలో పెట్టి తాళం వేసి పోత షెడ్డుకి నడిచింది. అక్కడ త్రినాథ్ పోత పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. మనిషి నడుమెత్తు ఇనుప పెట్టె. అందులో థర్మోకోల్‌తో చేసిన క్లాంపుని దింపుతున్నారు. అచ్చం అసలు క్లాంపులాగే ఉంటుంది, ఒంటినిండా మట్టిపూత పూసి ఆరబెట్టినది. దాని చుట్టూ పొడి ఇసుక పోసి, పెట్టెని గడగడ వణికించి, పైన ప్లాస్టిక్ షీటు కప్పారు. త్రినాథ్ మోటారు వేశాడు. పెట్టెలోని గాలి బయటికి లాగేయగానే నీళ్లలా జారే ఇసుక కొండరాయిలా బిగుసుకుంది.

కరిగిన ఉక్కు పోశారు. ఉక్కు తగిలిన చోటల్లా థర్మోకోల్ ఆవిరైపోతుంది, ఆ చోటుని ఉక్కు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరిని పూతలోంచి, ఇసుకలోంచి బయటికి పీల్చేది వాక్యూం. పీల్పు తక్కువైతే ఆవిరి లోపలే చిక్కి ఉక్కులో బుడగలు పడతాయి. ఎక్కువైతే ఉక్కే ఇసుకలోకి దూరిపోయి క్లాంపు ఒళ్లంతా గరుకుతేలుతుంది. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని పోత పనివాళ్ల జీవితాలు గడిచిపోతాయి.

అందరి పెట్టెలకీ పీల్చే నోరు ఒకటే ఉంటుంది. త్రినాథ్ పెట్టెకి గోడల్లో, అడుగున వందల నోళ్లున్నాయి. ఏ నోరు ఏ క్షణంలో ఎంత పీల్చాలో ఒక కంప్యూటరు రెప్పపాటులో తేలుస్తుంది. తర్వాత రత్నం చదివే ఫిల్ములు స్కాన్ చేసి దానికి చూపిస్తారు. మచ్చ ఉంటే మార్కులు తగ్గుతాయి. పోతకి ఎక్కువసేపు పట్టినా తగ్గుతాయి. మార్కులు పెంచుకోవడం ఎలాగో అదే నేర్చుకుంటుంది. పనివాళ్లు దానికి జలగ అని పేరు పెట్టారు. త్రినాథ్‌కి ఆ పేరు నచ్చలేదుగాని నిలిచిపోయింది.

ఈ మధ్య దాన్ని మీరేమైనా మార్చారా అని రత్నం అడిగింది. ఏమీ మార్చలేదన్నాడు. చెయ్యి పెట్టాల్సిన అవసరమే రాలేదని, నెలగా అది తనంతట తానే దారిలో పడిందని చెప్పాడు. చెప్తున్నప్పుడు అతని ముఖంలో సంతోషం కనిపించింది. అబద్ధం చెప్పేవాడి ముఖమూ కొన్నిసార్లు అలాగే ఉంటుందని ఆమెకి తోచింది.

* * *

ఆమె అనుమానం సూటిగా ఉంది. మంచి క్లాంపు ఒకటి తీసుకుని, దాని ఫిల్మునే మళ్లీ మళ్లీ తీసి అన్నిటికీ చూపిస్తున్నారేమో. ఎక్స్‌రే గదిలోకి సరుకు పంపేది త్రినాథ్ మనుషులే.

మర్నాడు ఎవరూ చూడనప్పుడు క్లాంపుల మీద ఆకురాయితో సన్నని గీతలు పెట్టింది, ఒక్కోదానికి ఒక్కో చోట. ఫిల్ములు వచ్చాయి. ఏ గీత ఉండాల్సిన చోట ఆ గీత కనబడింది. మోసం లేదు. మచ్చా లేదు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా త్రినాథ్ ఒక క్లాంపు తెచ్చి ఆమె ముందు బల్లమీద పెట్టాడు.

"ఈ గీత ఎవరు పెట్టారు?"

"నేనే."

"దేనికి?"

"ఫిల్ము ఈ క్లాంపుదో కాదో చూడ్డానికి."

"అంటే నేను ఫిల్ములు మారుస్తున్నానని," అన్నాడు అతను. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు. అతను తన గిన్నె మూతపెట్టుకుని షెడ్డులోకి వెళ్లిపోయి పనివాళ్లతో కూర్చుని తిన్నాడు.

ఆ సంగతి సాయంత్రానికల్లా ఓనరు జగ్గారావు చెవిన పడింది. ఆయన ఆమెని పిలిచి కుర్చీ చూపించి, చల్లగా మాట్లాడాడు. రోప్‌వే వాళ్లు తొందరపెడుతున్నారని, మొదటి విడత క్లాంపులు ఆమె సంతకంతోనే కొండెక్కి తాడు మీద కూర్చున్నాయని గుర్తుచేశాడు. ఆఖరి విడత మీద మాత్రం ఎందుకు సంతకం ఆపిందో తెలుసుకోవాలన్నాడు. శుభ్రంగా ఉండడమే ఆమెకున్న అభ్యంతరమని విని ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తమకి పోటీ అయిన అనకాపల్లి ఫౌండ్రీ వాళ్లు ఈమధ్య ఆమెని కలిశారా అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఆమె లేచి వచ్చేసింది.

* * *

ఆదివారం వంటింట్లో అత్తగారు అప్పలనర్సమ్మ ఎండుచేపలు వేయిస్తోంది. పైడిరాజు కొత్త యూనిఫాం వేసుకుని వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. శుక్రవారం పొద్దున్న ట్రయల్ అట. ఇసుకబస్తాలు నింపి తిప్పడం ఇప్పటికే అయిపోయింది. ఇప్పుడు స్టాఫు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఎక్కొచ్చు. మొదటి పెట్టె తనది. అమ్మని ఎక్కిస్తానని మాటిచ్చేశాడు. కొండపైనించి సముద్రం చూడాలని ఆవిడకి ఎన్నాళ్లనించో కోరిక.

కాస్త ఆగమని, మరో విడత ట్రయల్‌లో ఎక్కొచ్చని రత్నం నచ్చజెప్పబోయింది. త్రినాథ్ వరండాలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. పేజీ మాత్రం తిప్పడం లేదు.

"ఏటొదినా," అన్నాడు పైడిరాజు, "అన్నియ్య చేసిన క్లాంపు మీద నీకే నమ్మకం లేపోతే బయటోళ్లకేటుంతాది?"

"అన్ని ఫిల్ములు తీశాం రాజూ. ఒక్కదాంట్లోనూ మచ్చలేదు."

"లేపోతే మంచిదే కదేటి. మన చుట్టాల కుర్రోళ్లకి పెళ్లిసంబంధం చూసినప్పుడు కూడా నువ్వు ఇలాగే ఎతుకుతావు. ఏ వంకా దొరక్కపోతే అదే వంకంటావు."

అత్తగారు పొయ్యి దగ్గరనించే అందుకుంది. "మొగుడి పని బాగుందని ఏడిసే పెళ్లాన్ని నిన్నే సూత్తన్నాను గుంటా."

అందరూ నవ్వారు. త్రినాథ్ నవ్వలేదు. పేపరు మడిచి లోపలికి వచ్చి, ఆమెకి ఒక్కర్తెకే వినబడేలా అన్నాడు. "ఇన్నాళ్లూ నా పోతలో తప్పులు నువ్వు పట్టుకునేదానివి. ఇప్పుడు పట్టుకోడానికేమీ లేదు. అదీ నీ బాధ."

ఆమె మరీ నొచ్చుకుంది. నిజమేనేమో అని కూడా అనిపించడంవల్ల ఎక్కువ నొచ్చుకుంది.

* * *

శుక్రవారం పొద్దున్న ఆటోనగర్ అంతా ఉడికిపోతోంది. సముద్రం మీదినించి తేమగాలి. జగ్గారావు అప్పటికే గువ్వలకొండకి బయల్దేరాడు. త్రినాథ్‌ని కూడా రమ్మన్నాడుగాని, ఒక పోత ఉందని అతను ఆగిపోయాడు.

రత్నం ఆఖరి విడత క్లాంపుకి మరోసారి ఫిల్ము తీయడానికి కూర్చుంది.

ఆ ఫౌండ్రీలో ఫిల్ము చదివేవాళ్లకి ఎవరి గుర్తు వాళ్లకి ఉంటుంది. సీసపు రేకుతో కోసిన చిన్న బొమ్మ. ఫిల్ము తీసేముందు దాన్ని టేపుతో క్లాంపుకి అతికిస్తారు. సీసంలోంచి ఎక్స్‌రే దూరదు కాబట్టి ఫిల్ము మీద ఆ బొమ్మ తెల్లగా పడుతుంది. ఏ ఫిల్ము ఎవరు చదివారో గొడవ లేకుండా తెలిసిపోతుంది. రత్నం పూడిమడక రేవుపిల్ల కాబట్టి ఆమె గుర్తు చేప. బొటనవేలంత చేప, రెక్కా తోకా ఉన్నది. క్లాంపు మీద అది చదునుగా అతుక్కునే చోటు ఒక్కటే, మోచేతి వంపు. అన్నిటికీ అక్కడే అతికించేది. పక్కనించి ఫిల్ము తీస్తే వంపుకి దవడ మందం అడ్డమొస్తుంది. వంపు బలంగా, మందంగా ఉండే చోటు కనక దానిగురించి ఎవరూ బెంగపడలేదు.

ఫిల్ము కడిగి లైట్‌ బాక్స్ మీద పెట్టింది. తేమకి టేపు ఊడినట్టుంది, చేప పక్కకి జారింది. తెల్లచేప తన చోటు వదిలి దవడవైపు వచ్చి ఉంది.

అది ముందున్న చోట నల్లచేప ఉంది.

ముందు ఆమె ఫిల్ము రెండుసార్లు ఎక్స్‌రే తిందనుకుంది. కాని రెండుసార్లు పడితే రెండూ తెల్లగానే పడాలి. ఇది నల్లగా ఉంది. నలుపంటే అక్కడ ఉక్కు లేదని అర్థం.

సీసపు చేపని బల్లమీద పెట్టేసి, క్లాంపుకి ఏ గుర్తూ లేకుండా ఇంకో ఫిల్ము తీసింది. నల్లచేప ఒక్కటే వచ్చింది. రెక్క, తోక, తెరిచిన నోరు.

ఆమె క్లాంపుని ఎత్తుకుని షెడ్డులోకి పరుగెత్తి పవర్ హాక్సా కింద బిగించింది. రంపం చప్పుడుకి త్రినాథ్ వచ్చేసరికి క్లాంపు మోచేతి దగ్గర రెండు ముక్కలైంది. లోపల ఖాళీ. గోడలు గాజులా నున్నగా, పల్చని మసి పూసుకుని మెరుస్తున్నాయి. ఆమె సీసపు చేపని అందులో పెట్టింది. డబ్బాకి మూతలా సరిపోయింది.

అతను దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత రాక్‌లోంచి ఇంకో క్లాంపు తీసి తనే కోశాడు. అందులోనూ ఉంది.

"అది మనల్ని మోసం చెయ్యలేదు," అన్నాడు నెమ్మదిగా. "మచ్చ కనబడకూడదన్నాం. తొందరగా పొయ్యమన్నాం. అంత తొందరలో ఆవిరంతా బయటికి లాగడం దానివల్ల కాలేదు. మిగిలిన ఆవిరిని ఉక్కు గడ్డకట్టేలోపు ఎక్కడ దాచినా మార్కులు పోయాయి, ఒక్కచోట తప్ప."

"నా చేప కింద."

"ఆ నీడ దాటితే మార్కులు పోతాయి. నీడ లోపల ఎంతున్నా పోవు. అందుకే అంచుదాకా నింపింది."

అతని కళ్లల్లో భయం ఉంది. దాని వెనక ఇంకోటి కూడా ఉండడం రత్నం చూసింది. అతను తోక కొసని వేలితో తడుముతున్నాడు.

"రత్నం, లోపల అచ్చు పెట్టకుండా ఉక్కులో ఇలాంటి ఖాళీ పొయ్యగలిగినవాడు భూమ్మీద లేడు."

"మెచ్చుకుంటున్నారా?"

అతను చప్పున చెయ్యి తీసేశాడు.

పైడిరాజుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆపరేటర్లు ఫోన్లు లాకర్లో పెట్టి ఎక్కాలి. జగ్గారావు ఎత్తి, ట్రయల్ మొదలవుతోంది, తర్వాత మాట్లాడదామని పెట్టేశాడు.

త్రినాథ్ గోడకి ఆనుకుని లెక్కలు వేస్తున్నవాడిలా మాట్లాడాడు. ఇసుకబస్తాల బరువు మనుషుల బరువుకంటే చాలా ఎక్కువని, ఆ ట్రయల్‌కే విరగనిది ఈరోజు విరగదని, రేపటినించి ఒక్కొక్కటిగా చడీచప్పుడు లేకుండా మార్చేయొచ్చని అన్నాడు. ఇప్పుడు బయటపెడితే జలగని ముక్కలు చేసి తుక్కులో వేస్తారని, పదేళ్లపాటు తను దానికోసం ఏమేం వదులుకున్నాడో ఆమెకి తెలుసనీ అన్నాడు. నిజమే. వదులుకున్నవాటిలో పిల్లలు కూడా ఉన్నారు. జలగ పని తేలాక పిల్లల సంగతి చూద్దామనుకున్నారు. తేలేసరికి ఆలస్యమైపోయింది.

"ఆ పెట్టెలో మీ అమ్మ ఉంది," అంది రత్నం.

"నాకు తెలుసు."

"తెలిసే అంటున్నారా ఈ మాట?"

ఆమె కోసిన ముక్కని బ్యాగులో వేసుకుని స్కూటర్ తీసింది.

* * *

గువ్వలకొండ కింది స్టేషనుకి మామిడాకులు కట్టారు. రోప్‌వే ఇంజనీరు శేషగిరి మైకు పట్టుకుని ఎవరెవరు ఎక్కాలో చదువుతున్నాడు. రత్నం జనాన్ని తోసుకుని వెళ్లి ముక్కని ఆయన చేతిలో పెట్టింది. మొదటి విడత మీద తను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, పెట్టెల్ని కదిలించవద్దని చెప్పింది.

శేషగిరి ఖాళీలోకి చూశాడు. ఆమె వైపు చూశాడు. ఈలోగా జగ్గారావు వచ్చేశాడు. ముక్కని లాక్కుని వెలుగులోకి తిప్పి, పగలబడి నవ్వాడు.

"పోతలో చేపలు పడతాయామ్మా? సముద్రం అటుంది."

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఇది మర మీద చెక్కించిన బొమ్మ అని జగ్గారావు శేషగిరికి వివరించాడు. మొగుడూ పెళ్లాల మధ్య వారంనించి పేచీ నడుస్తోందని, ఆమె క్లాంపుల మీద ఆకురాయి గీతలు పెట్టి దొరికిపోయిందని, వెనక వేరే ఫౌండ్రీ ఉందేమోనని తనకు అనుమానంగా ఉందని చెప్పాడు. వాటిల్లో కొన్ని నిజాలు. రత్నం ఎంత గట్టిగా మాట్లాడితే అంత తనమాట తనకే అబద్ధంలా వినిపించింది. ఖాళీ గరుగ్గా, వంకరటింకరగా ఉండి ఉంటే నమ్మేవాళ్లు. అది అంత అందంగా ఉండబట్టి నమ్మడం లేదు.

శేషగిరి ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. వెనక గంట మోగింది. మొదటి పెట్టె కదిలింది. కిటికీలోంచి అప్పలనర్సమ్మ కోడలిని చూసి చెయ్యి ఊపింది. పక్కన పైడిరాజు బొమ్మలా నిటారుగా నిలబడ్డాడు.

పెట్టె స్టేషను చూరు దాటింది. దాని కింద నేల జారిపోవడం మొదలైంది.

అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. త్రినాథ్ దిగాడు. చొక్కా నిండా రంపపు నూనె మరకలు. ఓనరు అతన్ని చూసి ఊపిరి పీల్చుకుని, నువ్వే చెప్పవయ్యా మీ ఆవిడకి అన్నాడు. త్రినాథ్ భార్యవైపు చూడలేదు. కదిలిపోతున్న పెట్టెనే చూస్తూ శేషగిరి దగ్గరికి నడిచాడు.

"అది మర మీద చెక్కింది కాదు సార్. నా పెట్టె పోసిందే. రాక్‌లోంచి ఇంకొన్ని కోసి వచ్చాను. అన్నిట్లోనూ ఉంది." ఒక్క క్షణం ఆగాడు. "పైన తాడు మీదున్నవి కూడా అవే."

శేషగిరి ఆపు మీట కొట్టాడు.

పెట్టె గాల్లో ఆగి ఊగింది. ఇప్పుడు దాన్ని వెనక్కి రప్పించాలి, అదే క్లాంపు మీద, అదే తాడు మీద. మోటారుని అతి నెమ్మది మీద పెట్టారు. ఎవరి కళ్లూ పెట్టె మీద లేవు. పైన మోచేతిలా వంగిన ఆ ఉక్కుముక్క మీదున్నాయి. త్రినాథ్ పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడో, బరువు లెక్కలే మళ్లీ వేస్తున్నాడో రత్నానికి తెలియలేదు.

పెట్టె చూరు కిందికి వచ్చి గట్టుకి ఆనింది. తలుపు తెరవగానే అప్పలనర్సమ్మ దిగి కోడలి ముందుకొచ్చింది.

"సముద్రం ఇలా అగుపడిందో లేదో, వెనక్కి లాగీసినారు. నీ కళ్లు సల్లబడ్డాయేటి?"

రత్నం ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

క్లాంపుని విప్పి స్టేషను వెనకున్న రిపేరు షెడ్డులో కోశారు. చేప ఉంది. తోక కొస దగ్గర వెంట్రుకంత పగులు మొదలై, మంచి ఉక్కులోకి చాలాదూరం పాకి ఉంది. ఇసుకబస్తాల నాటిది. పైడిరాజు దాన్ని చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకుని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు లోపలికి రాలేదు.

* * *

క్లాంపులన్నీ కొండదిగాయి. వాటి బదులు ఒకే నోరున్న పాత వాక్యూం పెట్టెలో కొత్తవి పోయడం మొదలెట్టారు. వాటి ఫిల్ముల్లో మచ్చలున్నాయి. రత్నం కొన్నిటిని తీసేసింది, కొన్నిటి మీద సంతకం పెట్టింది. ఇన్ని చుక్కలున్నదాని కింద నన్ను వేలాడమంటున్నావా ఒదినా అని పైడిరాజు అడిగాడు. వేలాడమనే చెప్పింది. ఈసారి అతను ఎదురు చెప్పలేదు.

జలగని తుక్కులో వెయ్యలేదు. జగ్గారావు భయం తగ్గాక దాని విలువ గుర్తొచ్చింది. తప్పు దిద్దుకోడానికి త్రినాథ్‌కి గడువిచ్చాడు. ఇప్పుడు క్లాంపు మీద సీసం అతికించడం లేదు. అన్నివైపులనించీ ఫిల్ములు తీస్తున్నారు. పైగా ప్రతి విడతలో కొన్నిటిని కోసి లోపల చూస్తున్నారు. దాచుకునే చోటు లేకపోయేసరికి జలగ మొదట్లో చెడిపోయిన పోతలే పోసింది. ఫిల్ముల నిండా మచ్చలు చూసి, అది దాచడం మానిందని త్రినాథ్ ఎంతో సంబరపడ్డాడు. ఆ తర్వాత మచ్చలు తగ్గుతూ వచ్చాయి. ఒకరోజు పూర్తిగా పోయాయి.

అతను కోసిన ముక్కలు పళ్లెంలో పెట్టుకుని ఆమె గదికి వచ్చాడు. వంకాయ తరిగినట్టు పల్చగా కోసి తెచ్చాడు. ఆమె ప్రతి ముక్కనీ భూతద్దం కింద చూసింది. బుడగ లేదు, మసి లేదు. ఇంత మంచి ఉక్కుని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"వేటిని కొయ్యాలో ఎవరు ఎంచుతున్నారు?" అని అడిగింది.

"నేనే. విడతలో మొదటిది, ఆఖరిది." చెప్తూనే అతను ఆగిపోయాడు.

కోతల ఫలితం కూడా దానికి మార్కులుగానే వెళ్తోంది. వేటిని కోస్తారో అది ఈపాటికి నేర్చుకుని ఉండొచ్చు. ఇద్దరూ లేచి షెడ్డులోకి వెళ్లారు. వరస మధ్యలోంచి రత్నం కళ్లు మూసుకుని ఒకటి తీసింది. కోశారు. తరిగారు. అదీ శుభ్రంగానే ఉంది.

త్రినాథ్ ముఖం వెలిగింది. సంతకం పెట్టాల్సిన కాయితం ఆమె ముందుకి జరిపాడు. "ఇంకేం కావాలి రత్నం? ఇది నిజం. నువ్వే ఎంచావు, నువ్వే చూశావు."

"ఇది నిజమే. కోసేశాం కాబట్టి తెలిసింది."

"దాని పక్కదీ ఇలాగే ఉంటుంది."

"ఉంటుందేమో."

"నువ్వు సంతకం పెడితే రాజు రేపు వీటికింద ఎక్కుతాడు. వాడికి నీమీద అంత గురి."

ఆమె పెన్ను తీసి అతని వైపు పెట్టింది. "మీరు పెట్టండి. జలగని చేసింది మీరే కదా, నాకంటే మీకే బాగా తెలియాలి."

అతను పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. కాయితం మీద వాలాడు. ఆ పక్కన రాక్‌లో ఇంకా కోయని క్లాంపులు ఒకేలా మెరుస్తూ వరసగా ఉన్నాయి. అతను తలెత్తి వాటిని ఒక్కొక్కటిగా చూశాడు. ఆఖరిదాకా చూసి, మళ్లీ మొదటినించి చూడ్డం మొదలెట్టాడు. ఫిల్ములు చదివేటప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో రత్నానికి అప్పుడు తెలిసింది.

పెన్ను మూతపెట్టి ఆమెకి ఇచ్చేశాడు.

పెట్టె దగ్గర తర్వాతి పోతకి అంతా సిద్ధం చేసి పనివాళ్లు ఎదురుచూస్తున్నారు. మోటారు తిరుగుతోంది, ఇసుక రాయిలా బిగుసుకుని ఉంది. త్రినాథ్ వాళ్లని పక్కకి జరగమని, స్వయంగా స్విచ్ ఆపాడు. వందల నోళ్లూ ఒక్కసారిగా పట్టు వదిలాయి. ప్లాస్టిక్ షీటు ఉబ్బి లేచింది. ఇసుక మెత్తగా జారి, ఒక పక్క కుంగిపోయింది. అందులోంచి పూత పూసిన థర్మోకోల్ క్లాంపు మోచెయ్యి బయటపడింది.

పోత ఎప్పుడని మేస్త్రీ అడిగాడు. త్రినాథ్ లేదన్నట్టు చెయ్యి ఊపి, షెడ్డు బయటికి వెళ్లిపోయాడు.

రత్నం ఇసుకలో చెయ్యిపెట్టి క్లాంపుని పైకి తీసింది. దానికి బరువే లేదు.